గోడ ఆగిన చోట

ఆ గోడలో ఉన్న ఇనుప చువ్వలన్నిటికీ తుప్పు గీకింది ఒకే ఒక్క జంట. గోడ పూర్తయ్యాక దానికి బయట మిగిలిపోయింది ఒకే ఒక్క ఇల్లు. ఆ ఇల్లు ఆ జంటదే.

సముద్రం ఒడ్డున వరసగా ఇళ్ళు కట్టుకున్న పెద్దమనుషులు అలల్ని ఆపడానికి ఒక గోడ కట్టించాలనుకున్నారు. చువ్వలు లారీల్లో వచ్చి ఇసుకలో దిగాయి. అవి దిగేదాకా గోడ ఎంత ఎత్తుండాలన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. ఎత్తుగా కడితే వరండాలో కూర్చున్నవాళ్ళకి సముద్రం కనిపించదు. పొట్టిగా కడితే సముద్రమే వరండాలోకి వచ్చి కూర్చుంటుంది. దీని మీద వాళ్ళు ఒక వానాకాలమంతా కొట్టుకు చచ్చారు. చివరికి సొసైటీ ప్రెసిడెంటుని ఆయన వరండాలో, ఆయన పేము కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన కంటి దగ్గర నుంచి ఒడ్డుదాకా పురికొస లాగి, ఆ కొసకి తగలకుండా ఎంత లేస్తే అంతే గోడ అని తేల్చారు. సముద్రాన్ని ఆపే గోడలు లోకంలో చాలానే ఉంటాయి. ఒక ముసలాయన కూర్చున్న ఎత్తుని బట్టి కట్టిన గోడ మాత్రం అదొక్కటే అయ్యుంటుంది.

ఈ లోపల చువ్వలు వానకీ ఉప్పుగాలికీ నాని, పొరలు పొరలుగా తుప్పు లేచిపోయాయి. వాటిని అలాగే కాంక్రీటులో పెడితే గోడ లోపలి నుంచే పగులుతుందని కాంట్రాక్టరు చేతులెత్తేశాడు. అప్పుడు వాళ్ళకి తుప్పు మేస్త్రి గుర్తొచ్చాడు.

ఆ ఊళ్ళో గేట్లకీ, కిటికీ గ్రిల్లులకీ, మేడమెట్ల కటకటాలకీ తుప్పు గీకి రంగు వేసేది అతనే. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది, ఎవరూ అడగలేదు. ప్రెసిడెంటు అతన్ని తన గేటు దగ్గరికి పిలిపించి, గోడ నీ ఇల్లు కూడా దాటి అవతలిదాకా వస్తుంది, నీ ఇల్లూ లోపలే ఉంటుంది, కాబట్టి ఇది నీ సొంత పని అనుకుని చెయ్యి అన్నాడు. మేస్త్రి నిజంగానే సొంత పని అనుకున్నాడు. కూలి మాటే ఎత్తలేదు. అతనూ భార్యా మొహాలకి గుడ్డలు కట్టుకుని, ఎండలో ఇసుక మీద కూర్చుని, ఇనుప బ్రష్షులతో ఒక్కో చువ్వనీ తిప్పి తిప్పి గీకారు. సాయంత్రానికి ఇద్దరి కనుబొమలూ ఎర్రబడేవి. ఉమ్మితే ఎరుపు, చీదితే ఎరుపు. ఆవిడకి పొడిదగ్గు అప్పుడే పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు.

గోడ ఆ చివర మొదలై ఒక్కో ఇల్లూ దాటుకుంటూ వచ్చింది. మేస్త్రి పక్కిల్లు కెప్టెన్‌ది. గోడ కెప్టెన్ ప్రహరీ ఎక్కడ అయిపోతుందో సరిగ్గా అక్కడ ఆగింది. మిగిలిన చువ్వలూ సిమెంటూ బళ్ళ మీద ఎక్కించి వెనక్కి తీసుకుపోయారు. ఆ చివర, ప్రెసిడెంటు ఇంటి ఎదురుగా, పెద్ద పెద్ద బండలు పేర్చి, వాటి మీద గుండ్రంగా ఒక అరుగు పోశారు. సాయంత్రంపూట గాలికి కూర్చోవడానికి.

మేస్త్రి వెళ్ళి అడిగాడు. ప్రెసిడెంటు కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ ఎవరినీ కోప్పడడు, అంత అవసరం ఆయనకి జీవితంలో రాలేదు. లోపలి నుంచి ఊరి ప్లాను తెప్పించి, టేబుల్ మీద పరిచి, వేలితో చూపించాడు.

"నీ స్థలం ప్లానులో లేదు కదయ్యా. లేనిదానికి గోడ ఎలా కడతాం, నువ్వే చెప్పు."

తుప్పు గీకేటప్పుడు ఉన్న ఇల్లు, గోడ వచ్చేసరికి లేకుండా పోయింది. మేస్త్రి చెప్పులేసుకుని వచ్చేశాడు.

*

ఊరంటే సాధారణంగా అక్కడ పుట్టి పెరిగినవాళ్ళది అయ్యుంటుంది. ఈ ఊళ్ళో ఎవరూ పుట్టలేదు. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసి, చెయ్యాల్సిన పెత్తనమంతా వేరే ఊళ్ళలో చేసేసి, ఇక పెత్తనానికి ఎవరూ దొరకనప్పుడు గాలి కోసం వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరది. అంతకు ముందు అక్కడ ఇసుకదిబ్బలు తప్ప ఏమీ లేవు. బడి లేదు, ఎందుకంటే పిల్లలు లేరు. అంట్లు తోమేవాళ్ళు, తోట పనివాళ్ళు, పాలవాడు అందరూ పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోవాల్సిందే.

మూడు వరసల ఇళ్ళు. మొదటి వరసకి సముద్రం కనిపిస్తుంది. రెండో వరసకి మొదటి వరస వాళ్ళ మేడల వెనక గోడలూ, ఆరేసిన లంగోటాలూ కనిపిస్తాయి. మూడో వరసకి హోరు ఒక్కటే. మొదటి వరస రెండో వరసని పలకరించదు, రెండో వరస మూడో వరసని లెక్కచెయ్యదు, మూడో వరస వాళ్ళు బస్సు డ్రైవరు మీద కేకలేసి కడుపు చల్లబరుచుకుంటారు. అందరి ఇళ్ళకీ తేడా లేకుండా వచ్చే చుట్టం ఉప్పుగాలి ఒక్కటే. అది తలుపు బందులు తింటుంది, ఫ్యాను రెక్కలు తింటుంది, కళ్ళజోళ్ళ మరలు తింటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి ఏడాది సూర్యోదయాల గురించి మాట్లాడతారు. రెండో ఏడు నుంచి తుప్పు గురించే.

ఆ తుప్పే మేస్త్రికి బతుకుతెరువు. అతని చిన్నప్పుడు తండ్రి ఓడరేవులో ఓడల పొట్టలు గీకేవాడు. తాళ్ళకి కట్టిన పలక మీద కూర్చుని, పొద్దస్తమానం సుత్తితో కొట్టి పెచ్చులు రాల్చే పని. మేస్త్రీ అదే నేర్చుకున్నాడు. ఒకరోజు పలక ఒకవైపు ఒరిగి కిందపడ్డాడు. తుంటి విరిగింది. అతికింది గాని వంకరగా అతికింది. రేవులో కుంటివాడికి పనివ్వరు. అప్పుడే కడుతున్న ఈ ఊరికి రంగులు వేసేవాళ్ళ గుంపుతో వచ్చాడు. గుంపు వెళ్ళిపోయింది, అతను ఉండిపోయాడు.

ఊరు కట్టిన మొదటి కాంట్రాక్టరు దగ్గర చివర్న ఒక ముక్కోణపు స్థలం ముక్క మిగిలింది. సున్నం తడిపిన గొయ్యి ఉన్న చోటు. ఎవరూ కొనలేదు. దాన్ని మేస్త్రి పేర రాసి రిజిస్ట్రేషను చేయించి, ఆ కాంట్రాక్టరు ఊరు వదిలి పోయాడు. మేస్త్రి ఊళ్ళో మిగిలిన ఇటుకలు ఏరుకుని ముందు ఒక గది, తరవాత వంటిల్లు, పెళ్ళయ్యాక ఒక వరండా వేసుకున్నాడు. తలుపు ఒకరి ఇంటిది, కిటికీ ఇంకొకరిది. రెండు గోడలకి రెండు రంగులు, ఎవరింట్లో రంగు మిగిలితే అది.

ఊరివాళ్ళకి అసలు మింగుడుపడనిది అదే. రెండో వరసలో డాక్టర్లు ఉన్నారు, మూడో వరసలో ప్రొఫెసర్లు ఉన్నారు. తుప్పు గీకేవాడు మొదటి వరసలో ఉన్నాడు.

*

గోడ వచ్చాక మొదటి ఏడాదే తేడా తెలిసింది. గోడకి కొట్టుకున్న నీళ్ళు ఎక్కడికో అక్కడికి పోవాలి కదా. గోడ వెంబడే పరిగెత్తుకుంటూ వచ్చి, అది ఆగిన చోట మేస్త్రి పెరట్లోకి తిరిగేవి. ముందు బట్టలారేసే గుంజలు పోయాయి. మరుసటేడు బట్టలుతికే బండ పోయింది. ఆ పై ఏడు స్నానాల గది ఒక గోడ ఒరిగి, లోపల బకెట్టూ చెంబూ లోకానికి కనబడుతూ నిలబడింది. సాయంత్రం షికారుకి వచ్చేవాళ్ళు గోడ చివరిదాకా నడిచి, అక్కడ ఆగి, ఈసారి ఎంత పోయిందో చూసి వెనక్కి తిరిగేవాళ్ళు. చుట్టాలొస్తే వాళ్ళనీ తీసుకొచ్చి చూపించేవాళ్ళు. ఆ ఊళ్ళో చూడ్డానికి వేరే ఏముంది గనక.

కెప్టెన్ అయితే తన ప్రహరీ మీద మోచేతులు ఆనించి రోజూ చూసేవాడు. ఆయన జీవితమంతా సముద్రం మీద గడిపానని చెప్పేవాడు. ఆయన నడిపింది ఒక నది దాటించే లాంచీ అని మేస్త్రి బావమరిది ఎక్కడో విని వచ్చి చెప్పాడు. ఏదైనా గాని, ఆయన పడకగది కిటికీలు మాత్రం సముద్రం వైపు ఎప్పుడూ తెరవడు, హోరుకి నిద్రపట్టదట.

"ఈసారి బానే తిన్నట్టుందే," అనేవాడు కెప్టెన్, పెంపుడు పిల్లి గురించి అన్నట్టు.

మేస్త్రి తలెత్తేవాడు కాదు. ఆ మర్నాడు అదే కెప్టెన్ ఇంట్లో గ్రిల్లు గీకడానికి వెళ్ళాలి.

ఒకసారి ప్రెసిడెంటు గేటుకి రంగు వెయ్యమని కబురొచ్చింది. ఆ రోజు పొద్దునే వంటింటి గుమ్మం దగ్గర నేల కుంగింది. మేస్త్రి గేటు ముందు కూర్చున్నాడు, బ్రష్షు తీశాడు, మళ్ళీ సంచిలో పెట్టేశాడు. గీకకుండా తుప్పు మీదే రంగు వేశాడు. అలా వేసిన రంగు ఒక ఏడాది నిగనిగలాడుతుంది. లోపల ఇనుము నమిలినట్టు పోతూ ఉంటుంది. పైకి ఎవరికీ తెలియదు. ప్రెసిడెంటు భార్య బయటికి వచ్చి ఎంత బాగుందో అని మెచ్చుకుంది. మేస్త్రి ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాడు. తెల్లారేసరికి ఆ ఈల లేదు. మళ్ళీ వెళ్ళి, ఎవరూ అడక్కుండానే ఆ రంగంతా ఊడగొట్టి, తుప్పు గీకి, ఎర్ర ప్రైమరు పూసి, కొత్తగా రంగు వేశాడు. అది మంచితనం అనుకుంటే పొరపాటు. రేపు ఆ గేటు విరిగిపడితే అది తుప్పు మేస్త్రి చేతి పని అంటారు. పగ తీర్చుకుందామన్నా ఈ చేతులు పడనివ్వడం లేదని అతనికి తన చేతుల మీదే ఒళ్ళు మండింది.

*

సముద్రానికి మేస్త్రి మీద ప్రత్యేకంగా పగ ఏమీ లేదు. అతని పెరడు తినేశాక, అది గోడ వెనక్కి వెళ్ళడం మొదలుపెట్టింది. ఒక పొద్దున కెప్టెన్ ప్రహరీ పక్క గోడ లోపలి వైపుకి కూలింది. ముందు నుంచి కాదు, పక్క నుంచి. ఆ రోజు కెప్టెన్ మోచేతులు ఆనించడానికి ఏమీ మిగల్లేదు.

ఊరంతా ఒక్కసారిగా మేలుకుంది. బయట నుంచి ఒక ఇంజనీరుని రప్పించారు. అతను రెండు పూటలు అటూ ఇటూ తిరిగి, గోడని అలా తిన్నగా వదిలెయ్యడం తప్పని, చివరని భూమి వైపుకి వంకీలా తిప్పి కట్టకపోతే నీళ్ళు వెనక నుంచి తొలిచి మొత్తం పడగొడతాయని చెప్పాడు. ఆ తిప్పడం ఎక్కడ తిప్పినా మేస్త్రి నేల మీదే తిప్పాలి. మేస్త్రి ఇంటికి ఇవతల తిప్పితే పని చిన్నది, కాని ఆ ఇల్లు గోడకి అవతల, సముద్రానికి వదిలేసినట్టు అవుతుంది. ఇంటికి అవతల నుంచి తిప్పితే ఇల్లు లోపలికి వస్తుంది, కాని దానికి అడుగున వెయ్యడానికి పెద్ద బండలు కావాలి. ఆ సైజు బండలు దగ్గర్లో ఎక్కడా లేవు, ప్రెసిడెంటు ఇంటి ముందు అరుగు కింద తప్ప.

సొసైటీ వాళ్ళు క్షణం ఆలోచించకుండా మొదటి దారి ఎంచుకున్నారు. ఆ మాట చెప్పడానికి మేస్త్రి బావమరిదిని పంపారు. అతను సొసైటీలో నీళ్ళ ట్యాంకు వాల్వు తిప్పే పనిలో ఉన్నాడు. పొద్దున బస్సులో వచ్చేవాళ్ళలో అతనూ ఒకడు. ఆఫీసులో ఉంటే సొసైటీ గొంతుతో, అక్క ఇంట్లో ఉంటే అక్క గొంతుతో మాట్లాడే మనిషి. ఆ రోజు ఏ గొంతు వాడాలో తెలియక వరండా మెట్టు మీద కూర్చుని చాలాసేపు చెప్పు పట్టీ సవరించుకున్నాడు. ఆఫీసు వెనక గది ఇస్తారట, కరెంటూ నీళ్ళూ ఉచితమట, ఊరి పని ఎప్పటిలాగే బావదేనట. ఇంటికీ కెప్టెన్ ప్రహరీకీ మధ్య ఉన్న సందు ఒక్కటీ రాసిస్తే చాలట.

"ఇల్లేమవుతుంది?" అన్నాడు మేస్త్రి.

"ఇల్లు ఎలాగూ పోయేదే కదా బావా."

మేస్త్రి భార్య లోపలి నుంచే ఒప్పుకోమంది. ఆవిడకి ఆ ఇంటి మీద మమకారం ఎప్పుడో అరిగిపోయింది. పొయ్యిలోకి నీళ్ళు, పరుపులోకి చెమ్మ, పిండిలోకి ఇసుక. దగ్గు వస్తే వరండా స్తంభం పట్టుకుని నిలబడాల్సిందే. పంతం మొగుడిదీ, తడి తనదీ అని ఆవిడ ఎన్నోసార్లు అంది. ఆ రోజూ అంది.

మేస్త్రి మీటింగుకి తనే వచ్చి మాట్లాడతానని కబురు పంపాడు.

*

సొసైటీ హాల్లో మేస్త్రిని ఎవరైనా కూర్చోమనడం అదే మొదలు. ప్రెసిడెంటు స్వయంగా కుర్చీ జరిపాడు. మడతపెట్టే ఇనుప కుర్చీ. దాని కాళ్ళకి రంగు మేస్త్రి వేసిందే, కూర్చోవడం మాత్రం అప్పుడే. రెండో వరస నుంచి ఒక పెద్దావిడ లేచి, మాకు గాలే రానివ్వనివాళ్ళ గోడ గురించి మేమెందుకు కూర్చోవాలి అని అడిగి, జవాబు కోసం ఆగకుండా కూర్చుంది. ఇంజనీరు కాగితం మీద రెండు వంకీలు గీసి చూపించాడు. అందరూ ఇవతలి వంకీ మీదే వేళ్ళు పెట్టారు.

"నేను అడిగేది ఒకటే," అన్నాడు మేస్త్రి. "అవతల నుంచి తిప్పండి. నా ఇల్లు లోపల ఉండాలి. ఆ గది వద్దు, ఇంకేమీ వద్దు."

"అంటే అరుగు తవ్వెయ్యమంటావు."

"అవునండి."

హాల్లో నవ్వులు వినిపించాయి. చెడ్డ నవ్వులు కూడా కావు, చిన్నపిల్లాడు చందమామ అడిగితే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. ప్రెసిడెంటు నవ్వలేదు. ఆ అరుగు మీద అందరి సాయంత్రాలూ ఉన్నాయని, మనుషులకి ఒక వయసు వచ్చాక కూర్చునే చోటు మార్చడం ఎంత కష్టమో మేస్త్రికి తెలియదని మెల్లగా చెప్పాడు.

"ఒక్క ఇంటి కోసం ఊరందరి అరుగు తీసెయ్యమనడం నీకు న్యాయంగా ఉందా మేస్త్రీ? గుండె మీద చెయ్యేసుకుని చెప్పు."

మేస్త్రి చెయ్యి ఎక్కడా వేసుకోలేదు. "అయితే సందు ఇవ్వను," అని లేచాడు.

బయట మెట్ల దగ్గర ఇంజనీరు వెనకే వచ్చి పట్టుకున్నాడు. కుర్రవాడు, ఆ ఊరివాళ్ళ మీద అతనికీ పెద్ద ప్రేమ లేదు. ఇల్లు ఎటూ నిలబడదని, రెండు వానాకాలాలు గడిస్తే గొప్పని దాచకుండా చెప్పాడు.

"అది నాకు తెలుసు," అన్నాడు మేస్త్రి. "సందు ఇచ్చాననుకో. వాళ్ళవి నిలబడతాయా?"

"నిలబడతాయి."

"ఖాయమా?"

"ఖాయంగా. మనం పోయాక కూడా ఉంటుంది ఆ గోడ."

మేస్త్రి తల ఊపి ఇంటిదారి పట్టాడు. అతనికి కావాల్సిన సంగతి అదొక్కటే.

*

తరవాత ఊరు తన సంస్కారమంతా చూపించింది. పాలవాడు ఆ ఇంటి ముందు ఆగడం మానేశాడు. రంగు పనికి పక్క ఊరి నుంచి వేరేవాళ్ళని పిలిపించారు. నీళ్ళ గొట్టం ఒకటి అనుకోకుండా పగిలి, బాగుపడకుండా అలాగే ఉండిపోయింది. ఆ వాల్వు తిప్పినవాడు బావమరిదే. తిప్పుతూ ఏడ్చాడని వాళ్ళక్క చెప్పింది. ఏడిస్తే వాల్వు తెరుచుకుంటుందా అని మేస్త్రి అడిగాడు. కోర్టుకి పోదామని కొందరన్నారు. కోర్టు కన్నా సముద్రం చురుగ్గా పనిచేస్తుందని లెక్కవేసి ఊరుకున్నారు. గోడ చివర ఇసుక బస్తాలు పేర్చారు. రెండు పోట్లకి బస్తాలు ఖాళీ గోతాలై తేలాయి.

మేస్త్రి భార్య ట్రంకుపెట్టె సర్దుకుంది.

"నేను తమ్ముడింటికి పోతున్నా. వస్తావా?"

"రాను."

"ఈ ఇల్లు నిన్నేమైనా కన్నదా పెంచిందా, చెప్పు. పోతుందని నీకూ తెలుసు. సందు పారేస్తే నలుగురి కొంపలు నిలబడతాయి. నాకో పొడి గది దొరుకుతుంది. అది కాదంటావు. నీకు కావాల్సింది ఇల్లు కాదు."

"కాదు," అన్నాడు మేస్త్రి.

ఆవిడ అంత తిన్నటి జవాబు ఊహించలేదు. పెట్టె నెత్తిన పెట్టుకుని, దగ్గుకుంటూ, బస్సు ఆగే చోటికి నడిచింది. మేస్త్రి పెట్టె మొయ్యడానికి లేవబోయాడు. ఆవిడ వెనక్కి చూడకుండానే వద్దని చెయ్యి ఊపింది.

ఆ వానాకాలంలో ముందు గది పోయింది. మేస్త్రి మంచం వంటింట్లోకి లాక్కున్నాడు. తరవాతి వానాకాలంలో ఒక మధ్యాహ్నం, పెద్ద తుఫాను కూడా ఏమీ లేకుండా, మామూలు పోటుకే సందు మొత్తం కోసుకుపోయింది. నీళ్ళు గోడ వెనక్కి చేరాయి. గోడ ఒక్కో ముక్కా సముద్రం వైపుకి బోర్లాపడుతూ పోయింది. చువ్వలు తెగలేదు, వంగాయి. చాలా మంచి చువ్వలు.

కెప్టెన్ ఇంటి పడకగది సముద్రం వైపుకి తెరుచుకుంది, కిటికీలు మూసే ఉన్నాయి. కెప్టెన్ బీరువా ఒక పక్క పట్టుకుని రోడ్డు మీదికి ఈడుస్తున్నాడు. రెండో పక్క పట్టుకోవడానికి ఎవరూ లేరు. మేస్త్రి చేతులు కట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఒక చెయ్యి వెయ్యవయ్యా," అని అరిచాడు కెప్టెన్.

"నేను ప్లానులో లేనండి," అన్నాడు మేస్త్రి.

ఆ మాట అన్నందుకు అతనికి హాయిగా అనిపిస్తుందనుకున్నాడు. ఏమీ అనిపించలేదు. బీరువా తలుపు ఊడి, లోపలి చొక్కాలు నీళ్ళలో పరుచుకుంటుంటే చూస్తూ నిలబడ్డాడు. ఆ వారంలోనే అతని వంటిల్లూ పోయింది. బ్రష్షులున్న సంచి భుజాన వేసుకుని రోడ్డెక్కాడు.

మొదటి వరస ఒక ఏడాదిలో ఖాళీ అయింది. కొందరిని సముద్రం పంపింది, కొందరు భయపడి పోయారు. రెండో వరస వాళ్ళకి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వరండాలోంచి సముద్రం కనిపించింది. ఇప్పుడు వాళ్ళు పేము కుర్చీలు కొనుక్కుని, మూడో వరసని పలకరించడం మానేసి, గోడ ఒకటి కట్టించుకోవాలని మాట్లాడుకుంటున్నారట. ఎత్తు దగ్గర ఇంకా తెగలేదట.

*

బావమరిది ఉండేది లోపలి ఊళ్ళో, సముద్రం మాట వినపడని చోట. మేస్త్రి అక్కడ చేరాడు. భార్య అతన్ని పొమ్మనలేదు, రమ్మని కూడా అనలేదు. తిండి పళ్ళెంలో పెట్టి వరండాలో ఉంచేది. చాలా నెలల తరవాత ఒకరోజు, ఆ పళ్ళెం తీసుకెళ్తూ, అందరి కొంపలూ ముంచి ఏం మూటగట్టుకొచ్చావని అడిగింది. మేస్త్రి బ్రష్షు తీగలు సరిచేసుకున్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళింది. దగ్గు కొంచెం తగ్గింది. పొడి గది గదా.

పని దొరికింది. తుప్పు సముద్రం దగ్గరే ఉండాలని లేదు, కారే కొళాయి ఉన్నా చాలు. ఒక మూడంతస్తుల ఇంట్లో మెట్ల కటకటాలు గీకడానికి ఒప్పుకుని, కింద నుంచి మొదలుపెట్టి పైకి వెళ్తున్నాడు. పై అంతస్తులో ఒక వాటా అద్దెకిచ్చారు. గీకుడు చప్పుడికి ఆ తలుపు తీసుకుని ఒక ముసలాయన బయటికి వచ్చాడు. బనీను, బొత్తాం పెట్టుకోని పాంటు. ఎదురుగా గోడ, గోడకి నీళ్ళ గొట్టాలు. చూడ్డానికి ఇంకేమీ లేదు. అయినా గుమ్మం పక్కనే కుర్చీ వేసి ఉంది.

ప్రెసిడెంటు అతన్ని వెంటనే గుర్తుపట్టాడు. మేస్త్రి గీకడం ఆపలేదు.

ప్రెసిడెంటు మెల్లగా నడిచి వచ్చి కటకటాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఈ వాటా కొడుకు చూసి పెట్టాడని, ఇక్కడ గాలి రాదని, భార్య ఆ ఇల్లు వదిలి వచ్చాక సరిగ్గా అన్నం తినలేదని, ఆర్నెల్లు కూడా బతకలేదని చెప్పాడు. చెప్తున్నంతసేపూ మేస్త్రి మొహంలో ఏదో వెతుకుతున్నాడు. ప్రెసిడెంటు గొంతు అలా ఎవరినైనా బతిమాలడం మేస్త్రి ఎప్పుడూ వినలేదు.

"ఒక్క మాట చెప్పు మేస్త్రీ. నాకిప్పుడు కోపం లేదు. నువ్వు ఆ సందు ఇచ్చినా గోడ పడేదే కదా? ఇవాళ కాకపోతే రేపు, ఎలాగూ పడేదే. అంతేనంటావా?"

అవునండి అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటకి మేస్త్రికి పోయేదేమీ లేదు, ముసలాయనకి ఆ రాత్రి నిద్రపట్టేది. ఆ మాట కొడుకు అనుంటాడు, డాక్టరు అనుంటాడు. అసలు సంగతి తెలిసినవాడి నోటి నుంచి వినాలని ఆయన ఆశ. మేస్త్రి బ్రష్షు కిందపెట్టాడు. మొహానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, ఆయన కళ్ళలోకి చూశాడు.

"లేదండి, పడేది కాదు. ఇంజనీరు నాకు ఖాయంగా చెప్పాడు. ఆ సందు ఇచ్చుంటే గోడ నిలబడేది, మీ ఇల్లుండేది, అమ్మగారు ఆ వరండాలోనే కూర్చునుండేవారు. అది తెలిసే ఇవ్వలేదు. చెయ్యి తియ్యండి, అక్కడింకా గీకాలి."